బోర్డు వరసలో ఖాళీ సమాధి

లోవెల్ గ్రోట్ సమాధిలో లోవెల్ గ్రోట్ లేడు.

ఆ సంగతి శనివారం ఉదయం ఏడున్నరకు బయటపడింది. సోమవారం మెమోరియల్ డే. ఊరు ఊరంతా సమాధుల తోటకు పూలు పట్టుకొచ్చే రోజు. మనిషి పోవడానికైనా, పోయాక మాయమవడానికైనా ఇంతకంటే చెడ్డ సమయం ఉండదు.

కొండ మీది సమాధుల తోటలో మొదటి వరసను ఆ కౌంటీలో అందరూ బోర్డు వరస అంటారు. జిల్లా పాలన చూసే కౌంటీ బోర్డుకు అధ్యక్షులుగా చేసినవాళ్ళకే అక్కడ చోటు. బతికుండగా ఒకరి మొహం ఒకరు చూసుకోని పెద్దమనుషులు కూడా అక్కడ పక్కపక్కన పడుకోవాల్సిందే. లోవెల్ గ్రోట్ కిందటి అక్టోబర్లో వాళ్ళలో చేరాడు. దహనం చేసి, అస్థికలను ఇత్తడి పాత్రలో పెట్టి, రాతి ముందు చిన్న గుంత తీసి పాతారు. రాజధాని నుంచి కూడా మనుషులు వచ్చారు. బ్యాండు వాయించారు.

ఇప్పుడు ఆ గుంతలో మట్టి తప్ప ఏమీ లేదు.

షెరీఫ్ ఆఫీసు ఇన్వెస్టిగేటర్ మార్విన్ టెస్క్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి. అదే కౌంటీలో పుట్టాడు, అక్కడే పెరిగాడు. అందరికీ తెలిసినవాడు కావడం వల్ల అతనికి ఉద్యోగంలో సగం పని తేలిక, సగం పని నరకం.

పక్కన తోట కాపలాదారు ఇర్వ్ పాస్కో చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"ఎప్పుడు చూశావ్ ఇర్వ్?"

"ఇందాకే. మిషన్‌తో గడ్డి కోస్తున్నా. చుట్టూ పచ్చగా ఉంటే ఈ చదరం ఒక్కటీ ఎండుగడ్డిలా ఉంది. కాలేశా. దిగబడింది. చెయ్యి పెట్టి చూశా. పాత్ర లేదు!"

"నిన్న చూళ్ళేదా?"

"నిన్నా మొన్నా అటు కింద వరసల్లో ఉన్నా. ఇది పెద్దోళ్ళ వరస కదా, చివర్న నున్నగా చేద్దామనుకున్నా."

టెస్క్ ఆ గడ్డిపెళ్ళను ఎత్తి చూశాడు. పారతో నాలుగు వైపులా నీటుగా కోశారు. పని అయ్యాక మళ్ళీ పరిచారు. వేళ్ళు ఎండి పొడిపొడిగా రాలుతున్నాయి.

"కోసి వారమన్నా అయ్యుంటుంది."

"అవును. తాగుబోతు కుర్రాళ్ళ పని కాదు. వాళ్ళయితే రాళ్ళు పడగొడతారు, సీసాలు పగలగొడతారు. ఇంత శుభ్రంగా ఎవరు తవ్వుతారు?"

టెస్క్ లేచి చుట్టూ చూశాడు. వెనక వరసలో లోవెల్‌ను పెంచిన ముసలి గ్రోట్ దంపతుల రాయి ఉంది. దాని ముందు వెండి కాగితం చుట్టిన కాఫీ డబ్బా. డబ్బా నిండా తెల్లటి పియొనీ పూలు, రేకుల మీద ఎర్రటి చుక్కలు. పక్కన గ్రోట్ మేనత్తకూ ఒక డబ్బా. అవతల గ్రోట్ బాబాయికీ ఒక డబ్బా.

"ఇవి ఆర్డిస్‌గారివేగా?"

"ఆవిడవే. ఆ చుక్కల పియొనీలు ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ లేవు. నిన్న సాయంత్రం వచ్చి పెట్టెళ్ళారు."

"మరి లోవెల్‌కి?"

"పెట్టకుండా ఉంటారా? ఆ దొంగవెధవ డబ్బా కూడా ఎత్తుకుపోయాడు!"

టెస్క్ తల ఊపాడు.

అప్పుడే కారు వచ్చి ఆగింది. తలుపు ధడాలున పడింది. లోవెల్ కొడుకు కర్టిస్ గ్రోట్ ఎగశ్వాసతో వచ్చాడు. తండ్రి పోయాక ఖాళీ అయిన బోర్డు సీటులో ఇప్పుడు అతనే కూర్చున్నాడు. రెండు వారాల్లో ఎన్నికలు. సోమవారం ఈ వరస ముందే లోవెల్ పేరిట ఇత్తడి ఫలకం ఆవిష్కరణ ఉంది, మైకు ముందు మాట్లాడేది అతనే.

"మా నాన్న ఏడీ మార్విన్?"

"అదే వెతుకుతున్నాం."

"వెతకడానికేముంది? డ్వేన్ హల్లీని పట్టుకో! అంత్యక్రియల భోజనాల దగ్గర వాడేమన్నాడో వందమంది విన్నారు. 'ఆ వరసలో ఆయన్ని ప్రశాంతంగా పడుకోనివ్వను' అన్నాడు."

"అన్నాడు. నేనూ విన్నాను."

"మరి? రాసుకో నా ఫిర్యాదు. వాడి చేతికి సంకెళ్ళు పడాలి, అదీ సోమవారం లోపు. లేకపోతే నేను మైకు ముందు నిలబడి ఏం చెప్పను? మా నాన్న కనబడట్లేదు, మీరెవరైనా చూశారా అని అడగనా?"

ఇర్వ్‌కు నవ్వొచ్చింది. దగ్గు కింద మార్చుకున్నాడు.

*

పదిన్నరకు టెస్క్ ఆర్డిస్ గ్రోట్ వంటింట్లో కూర్చున్నాడు. ఆమె లోవెల్ భార్య. డెబ్భై ఎనిమిదేళ్ళు. టెస్క్‌కు చిన్నప్పుడు చర్చిలో ఆదివారం పాఠాలు చెప్పింది ఆమే. కాఫీ పోసి, దాల్చినచెక్క రొట్టె ముందు పెట్టింది. విషయం చెబితే గుండెలు బాదుకుంటుందని అతను భయపడ్డాడు. ఆమె ఏమీ బాదుకోలేదు. గిన్నె తుడుస్తూ ఉండిపోయింది.

"నిన్న ఎన్నింటికి వెళ్ళారమ్మా?"

"అయిదింటికి."

"ఎవరైనా కనబడ్డారా?"

"లేదు నాయనా."

"అయ్యగారి సమాధి దగ్గర గడ్డి ఎండినట్టు చూశారా?"

"కళ్ళు సరిగా ఆనడం లేదు నాయనా."

"పూలు అందరికీ పెట్టారా?"

"పెట్టాల్సినవాళ్ళందరికీ పెట్టాను."

"డ్వేన్ హల్లీ మీద మీకు అనుమానమా?"

గిన్నె తుడిచే చెయ్యి ఆగింది.

"వాడేం చేశాడు? నోటి దురుసే గానీ చేతి దురుసు లేదు వాడికి. కొత్త రోడ్డు కోసం మీ అయ్యగారు వాళ్ళ కొట్టం పడగొట్టించారు. కడుపుమంట ఉండదా? వాణ్ణి ఏమీ అనకు."

ఆ మాట టెస్క్‌కు ముల్లులా గుచ్చుకుంది. మొగుడి అస్థికలు పోయిన మనిషి, అనుమానితుణ్ణి ఏమీ అనొద్దంటోంది! దుఃఖంలో ఉన్న పెద్దావిడ, ఏదో అంటుందిలే అనుకుని సరిపెట్టుకున్నాడు.

వెనక తలుపులోంచి బయటికి వచ్చాడు. గోడ వెంట పియొనీ పొదలు. ఒక్క పువ్వు మిగల్లేదు. మొగ్గలు కూడా కోసేశారు. సమాధుల తోటలో చూసింది మూడు డబ్బాలు. ఇన్ని పొదల పూలు మూడు డబ్బాలకే అయిపోయాయా?

*

డ్వేన్ హల్లీ సోయా చేలో ఉన్నాడు. ఆ చేను అతనిది కాదు, కౌంటీది. అతను కౌలుకు చేస్తాడు. పాతకాలంలో అక్కడ బీదల ఫారం ఉండేది. దిక్కులేనివాళ్ళకు కౌంటీ తిండి పెట్టి, బదులుగా పొలం పని చేయించుకునేది. ఇటుకల భవనం ఎప్పుడో కూలగొట్టారు. పేరు మాత్రం మిగిలింది. మంగళవారం బోర్డు ఓటు వేసి ఆ నేలను ఒక పందుల కంపెనీకి అమ్మబోతోంది.

టెస్క్ కారు దిగేలోపే డ్వేన్ టోపీ తీసి వంగి దణ్ణం పెట్టాడు.

"రండి దొరగారూ! ఇంకా రాలేదేంటా అని ఎదురుచూస్తున్నా. ట్రాక్టర్ కింద వెతుకుతారా, నా జేబుల్లో వెతుకుతారా?"

"ఎగతాళి ఆపు డ్వేన్. కిందటి వారం ఎక్కడున్నావ్?"

"ఇక్కడే. విత్తనాలేస్తున్నా. వాన పడేలోపు గింజ దిగాలి. నిద్ర కూడా ఈ సీటు మీదే."

"సమాధుల తోటకు వెళ్ళావా?"

"మా అమ్మకు పూలు పెట్టడానికి రేపు వెళ్తా. వెళ్ళొచ్చా? పర్మిషన్ కావాలా?"

"లోవెల్‌ను ప్రశాంతంగా పడుకోనివ్వనన్నావు."

"అన్నా. తాగున్నా. ఆయన బతికుండగా నోరెత్తలేక చచ్చాక అన్నా. సిగ్గులేని పనే. కానీ మార్విన్, ఈ కౌంటీలో చెంచా పోయినా నా గుమ్మానికే వస్తారేం? ఎప్పుడైనా ఒక్కసారి, ముందు వేరే ఎవరింటికైనా వెళ్ళి ఆఖర్న నా దగ్గరికి వచ్చావా?"

టెస్క్ నిజానికి ఎప్పుడూ అలా చేయలేదు. ఆ మాట మొహం మీద చరిచినట్టయింది. అతను చూపు తప్పించి చేను వైపు చూశాడు.

ఈశాన్యం మూల అర ఎకరం బీడుగా ఉంది. మోకాలెత్తు గడ్డి. సోయా సాళ్ళు దాని దగ్గరికి వచ్చి వంపు తిరిగి వెనక్కి పోతున్నాయి.

"ఆ మూల ఎందుకు దున్నవు?"

"ట్రాక్టర్ దిగబడుతుంది. నేల గుంతలు గుంతలుగా ఉంటుంది. మా నాన్నా దున్నలేదు, నేనూ దున్నను."

"ఎందుకు దిగబడుతుందో?"

డ్వేన్ టోపీ మళ్ళీ తలకు పెట్టుకున్నాడు.

"ఎందుకో నాకు తెలుసు. నీకూ తెలుసు. చిన్నప్పుడు వాగు వంతెన కింద చేపలు పట్టేటప్పుడు నువ్వూ నేనూ దేని మీద కూర్చునేవాళ్ళం? ఆ సిమెంటు దిమ్మల మీద అంకెలుండేవి, గుర్తుందా? ఆ అంకెలేంటని మనం ఎవర్నైనా అడిగామా? అడగలేదు. అడిగితే చెప్తారని భయం."

టెస్క్ గడ్డిలోకి నడిచాడు. పది గజాలు వెళ్ళాక ఆగిపోయాడు.

గడ్డి మధ్యలో వెండి కాగితం చుట్టిన కాఫీ డబ్బా. పక్కన మరొకటి. ఇంకొంచెం దూరంలో ఇంకొకటి. తెల్లటి పియొనీలు, ఎర్రటి చుక్కలు. ఇంకా వాడిపోలేదు.

"ఇవి ఎవరు పెట్టారు?"

"నేను చూళ్ళేదు. చూసినా చెప్పను."

టెస్క్ అక్కణ్ణుంచి తిన్నగా వంతెన దగ్గరికి వెళ్ళాడు. గట్టు కోసుకుపోకుండా కుప్పగా పోసిన సిమెంటు దిమ్మలు. నీళ్ళు తగిలి నాచు పట్టాయి. ఒకదాన్ని చెప్పుతో గీకబోయి ఆగాడు. వంగి అరచేత్తో తుడిచాడు. అంకె కనబడింది. ఒక్కొక్క దిమ్మ బీదల ఫారంలో పోయిన ఒక్కొక్క మనిషి సమాధి గుర్తు. పేరు చెక్కడం కూడా దండగనుకున్నారు అప్పటివాళ్ళు. ఆ అంకెను కూడా ఉండనివ్వలేదు తరవాతివాళ్ళు. దాని మీద కూర్చుని గాలం వేశాడు తను. అతనికి ఒళ్ళంతా సిగ్గు ముంచుకొచ్చింది.

తరవాత నలుగురికి ఫోన్ చేశాడు.

*

ఆదివారం ప్రార్థన అయ్యాక, రెండింటికి, అందరూ బీదల ఫారం చేలో కలిశారు. ఆర్డిస్ చర్చి దుస్తుల్లోనే వచ్చింది. కర్టిస్ టై విప్పుతూ విసుక్కున్నాడు. ఇర్వ్, డ్వేన్ ఎడమొహం పెడమొహంగా నిలబడ్డారు.

"ఇక్కడికెందుకు పిలిచావ్ మార్విన్? వీణ్ణి అరెస్టు చేసేది స్టేషన్‌లో కదా?"

"డ్వేన్ తియ్యలేదు."

"మరెవరు?"

"తొందరపడకు. ఇర్వ్, శనివారం నువ్వు నాతో ఏమన్నావు? దొంగ పూల డబ్బా కూడా ఎత్తుకుపోయాడన్నావు."

"అవును."

"గడ్డిపెళ్ళ ఎండి వారమైంది. అంటే పాత్ర తీసి వారమైంది. పూలు పెట్టింది శుక్రవారం సాయంత్రం. పాత్ర తీసుకెళ్ళినవాడు, వారం తరవాత ఒక పూల డబ్బా కోసం మళ్ళీ వస్తాడా? పక్కనున్న మూడూ వదిలేసి ఆ ఒక్కటే పట్టుకుపోతాడా?"

ఇర్వ్ తల గోక్కున్నాడు.

"డబ్బాను ఎవరూ తియ్యలేదు. అక్కడ డబ్బా పెట్టనే లేదు. మనమందరం గుంత చూశాం. గుంతలో ఏం లేదో చూశాం. రాతి ముందు ఏం లేదో చూడలేదు. మెమోరియల్ డేకి ఈ కౌంటీలో మేనత్తకీ బాబాయికీ పూలు పెట్టి మొగుడికి పెట్టని ఆడమనిషి ఉంటుందా? ఒక్క కారణానికి ఉంటుంది. ఆయన అక్కడ లేడని ఆవిడకు ముందే తెలుసు."

గాలికి గడ్డి కదిలింది.

టెస్క్ ఆర్డిస్ వైపు చూడలేకపోయాడు. ఎన్నో కేసులు తేల్చాడు. తేలినందుకు ఇంత సిగ్గుపడడం ఇదే మొదలు.

"క్షమించండమ్మా."

"ఎందుకు నాయనా? నువ్వడిగితే చెప్పేదాన్నే. తీశారా అని నువ్వు నన్ను అడగలేదు, నేను చెప్పలేదు." ఆమె కొడుకు వైపు తిరిగింది. "నేనే తీశాను కర్టిస్. గులాబీ మొక్కకు గుంత తీసే పార ఉందిగా, దాంతో. తీసి ఇక్కడ పెట్టాను."

"ఇక్కడా! ఈ ముష్టివాళ్ళ చేలోనా? మతి ఉందా నీకు?"

"మీ నాన్న అడిగాడు."

"నాన్న ఎందుకడుగుతాడు?"

"వాళ్ళమ్మ ఇక్కడుంది కాబట్టి."

కర్టిస్ నవ్వబోయాడు. మొహం సహకరించలేదు.

"నాన్నమ్మ కొండ మీదుంది. మొన్ననేగా పూలు పెట్టావు!"

"ఆవిడ పెంచింది. కన్నది కాదు. కన్నావిడ బీదల ఫారంలో బట్టలుతికేది. పెళ్ళి కాలేదు. ఆవిడ పోతే, పనికొస్తాడని పిల్లాణ్ణి గ్రోట్‌లు తెచ్చుకున్నారు. మంచివాళ్ళే, పేరిచ్చారు. మీ నాన్న ఆ పేరు పట్టుకునే ఎన్నికలు గెలిచాడు. నలభై ఎనిమిదేళ్ళు కాపురం చేశాను, నాతో కూడా చెప్పలేదు. ఆస్పత్రిలో చివరి వారంలో చెప్పాడు. మొహం గోడవైపు తిప్పుకుని చెప్పాడు."

ఆమె గడ్డిలోని పూల డబ్బాల వైపు చూసింది.

"అంతేనా? ఇంకా చెప్పాడు. ఆయన బోర్డులో కొత్తగా చేరినప్పుడు ఎవరో ఈ సమాధుల్లో ఎవరెవరున్నారో వెతికి పేర్లు పెడదామన్నారట. ఈయనకు గుండె జారిపోయింది. పేర్లు బయటికొస్తే అమ్మ పేరు వస్తుంది. అందుకని తనే లేచి, ఇది ఖాళీ నేల, దిమ్మలు పీకించి వాగు గట్టుకు పోయిద్దామన్నాడు. అందరి చేతా చేతులెత్తించాడు. వాళ్ళమ్మ దిమ్మ కూడా పీకించాడు. తన సిగ్గు దాచుకోవడానికి."

డ్వేన్ తల వంచుకున్నాడు. ఇర్వ్ టోపీ తీశాడు.

"చచ్చాక నన్ను ఆమె దగ్గర పెట్టు అన్నాడు. సరేనన్నాను. ఆయన పోయాక బ్యాండు వచ్చింది, పెద్దలు వచ్చారు, బోర్డు వరసలో చోటు సిద్ధంగా ఉందన్నారు. నాకు నోరు పెగల్లేదు. జనం ఏమనుకుంటారోనని మాట తప్పాను. ఆయన్ని ఆడిపోసుకునే అర్హత నాకూ లేదు. చలికాలమంతా నిద్ర పట్టలేదు. ఇంతలో నువ్వు ఈ నేల అమ్ముతున్నామన్నావు. దున్నని మూల ఎలాగూ పనికిరాదు, పందుల పెంట గొయ్యి అక్కడే తవ్వుతారన్నావు. నా ముందే అన్నావు, రొట్టెకు వెన్న రాసుకుంటూ."

కర్టిస్ మొహం ఎర్రబడింది. తరవాత పాలిపోయింది. అతను టెస్క్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"మార్విన్, ఇది ఇంటి విషయం. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. పాత్ర దొరికిందని చెప్పు, చాలు. ఇంకేమీ రాయొద్దు."

"రాయకపోతే ఏమవుతుందో తెలుసా? మంగళవారం మీరు ఓటేస్తారు. వేసవి పోయేలోపు ఇక్కడ గొయ్యి తవ్వుతారు. రాస్తే, ఇక్కడ మనుషుల్ని పాతారని పోలీసు రిపోర్టులోకి ఎక్కుతుంది. రాష్ట్రం వాళ్ళు వస్తారు. తవ్వకం ఆగుతుంది."

"మా నాన్న పరువు?"

"అది కూడా రిపోర్టులోకి ఎక్కుతుంది. దాన్ని నేను దాచలేను."

"రెండు వారాల్లో ఎన్నికలు!"

"దిమ్మలు పీకించినప్పుడు మీ నాన్న కూడా ఇలాగే ఎన్నికలే చూసుకున్నాడట నాయనా," అంది ఆర్డిస్. కోపం లేదు ఆ గొంతులో. "సరే. వద్దంటే వద్దు. మరి ఆయన్ని పెంట గొయ్యిలో వదిలెయ్యలేం కదా. పార నా కారులో ఉంది. తీసుకెళ్ళి మళ్ళీ కొండ మీద పెట్టు."

కర్టిస్ పార తెచ్చాడు. విసవిసా గడ్డిలోకి వెళ్ళాడు. మొదటి పూల డబ్బా దగ్గర ఆగాడు.

"ఇక్కడేనా?"

"కాదు. పూలు అందరికీ పెట్టాను. ఆయన డబ్బా కింద లేడు."

"మరెక్కడ?"

"ఏమో నాయనా. పెళ్ళ కోసి, పెట్టి, మళ్ళీ పరిచాను. గడ్డి కలిసిపోయింది. మీ నాన్నకు ఒంట్లో ఓపికున్నప్పుడు ఒకసారి నన్నిక్కడికి షికారని తీసుకొచ్చాడు. ఇలాగే నిలబడ్డాడు. ఏం వెతుకుతున్నాడో నాకప్పుడు తెలీదు. వాళ్ళమ్మ ఎక్కడుందో ఆయనకూ తెలీలేదు."

కర్టిస్ ఒక అడుగు వేశాడు. నేల మెత్తగా దిగింది. చటుక్కున కాలు వెనక్కి తీసుకున్నాడు. పక్కకు వేశాడు. అక్కడా దిగింది. ముందుకూ పోలేడు, వెనక్కీ రాలేడు. బూట్ల వైపు చూసుకుంటూ అలాగే నిలబడిపోయాడు.

"అమ్మా, నేనిప్పుడు ఎవరి మీద నిలబడ్డాను?"

"తెలీదు నాయనా."

డ్వేన్ గడ్డి అంచుదాకా వెళ్ళి చెయ్యి చాచాడు. కర్టిస్ ఆ చేతిని చూశాడు. నిన్న దానికే సంకెళ్ళు వెయ్యమన్నాడు. సిగ్గుతో చచ్చిపోతూనే అందుకున్నాడు. డ్వేన్ ఒక్క మాట కూడా దెప్పకుండా అతన్ని సోయా సాళ్ళ మీదికి లాగాడు.

కర్టిస్ పారను కింద పెట్టాడు. చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. తల్లిని అడిగాడు.

"ఆవిడ పేరేంటి?"

"టిల్డా. టిల్డా రాష్."

అతను టెస్క్ వైపు తిరిగాడు, కళ్ళెత్తకుండానే.

"రాయి మార్విన్. ఫిర్యాదు వెనక్కి తీసుకోవడం లేదు. ఆవిడ మా నాన్నమ్మ అని కూడా రాయి. రేపు మైకు ముందు నేను చెప్పేలోపే రాసెయ్యి, మళ్ళీ నాకు భయమేస్తుంది."